తడిగుడ్డ కింద పంపు

భద్రాచలం వంతెన దాటి పాల్వంచ వైపు వస్తుంటే, చలికాలం పొద్దుటిపూట అడవి కనపడదు, వినపడుతుంది. టేకాకుల మీద చేరిన మంచు ఒక్కో చుక్కా కింది ఆకు మీదికి, అక్కణ్నుంచి నేల మీదికి జారుతున్న చప్పుడు. నడుస్తున్న కారులో అది చెవిన పడదు. మా మామయ్య కారు ఆగిపోయింది కాబట్టి విన్నాను.

ఎనభైల మొదట్లో సంగతి. అప్పుడు నేను ఖమ్మంలో ఒక దినపత్రికకు వార్తలు రాసేవాణ్ణి. తల్లాడలో వ్యవసాయం చేసుకునే మామయ్య, అత్తయ్య భద్రాచలంలో చుట్టాల గృహప్రవేశానికి పోతూ నన్నూ ఎక్కించుకున్నారు. ఇప్పుడు తిరుగుదారి. కారు నాకంటే వయసులో పెద్దది. నల్లటి ఒళ్లు, గుండ్రటి దీపాలు, లోపల పాత తోలు వాసన. ఆ సీట్లో కూర్చుంటే మెలకువకూ నిద్రకూ మధ్య ఎక్కడో తేలుతున్నట్టుండేది.

అంతకు ముందు రెండుసార్లు అది లారీ వెనక తాడు కట్టించుకొని, బజారు జనం నవ్వుతుండగా ఇల్లు చేరింది. మళ్లీ తాడుతో వస్తే పాత ఇనుము కొట్టుకు తోలిస్తానని అత్తయ్య అన్నది. ఆమె అన్నదంటే చేస్తుందని మామయ్యకు తెలుసు.

అందుకే ఆయన దిగి, బానెట్ ఎత్తి, తువ్వాల తడిపి పెట్రోలు పంపు మీద కప్పాడు. ఆ అడవి దారిలో పాత బండ్లు నడిపే వాళ్లందరికీ అదే అలవాటు. ఎండాకాలం ఇంజిన్ వేడికి పంపులో పెట్రోలు ఆవిరై పైకి ఎక్కదు. తడిగుడ్డ వేసి, ఒక బీడీ కాల్చుకుంటే చల్లబడుతుంది, బండి కదులుతుంది. మామయ్య ఈ వైద్యాన్ని ఎండాకాలంతో ఆపలేదు. వానలోనూ వేశాడు, చలిలోనూ వేశాడు. కాసేపు ఆగితే ఎలాగో కదిలేది కూడా. ఆ కదలడం గుడ్డ మహిమే అనుకునేవాడు.

వెనక సీట్లోంచి అత్తయ్య శాలువా కప్పుకొని దిగింది.

"ఏందయ్యా, నాకు పండ్లు టకటకా కొట్టుకుంటున్నయ్. నీ బండికి వేడి జేసిందా?"

"నీకేం తెల్సు, ఊకో."

ఆమె గుడ్డ కింద చెయ్యి పెట్టి చూసింది. "మంచుముద్ద లెక్కున్నది. జరమొచ్చినోళ్లకు తడిగుడ్డ ఏస్తరు గని, సచ్చినోళ్లకు ఏస్తరా?"

మామయ్య బీడీ పారేశాడు. పంపు నుంచి కార్బురేటర్‌కు పోయే గొట్టం విప్పి, నన్ను సెల్ఫ్ కొట్టమన్నాడు. చిమ్మాల్సిన పెట్రోలు చిమ్మలేదు. గొట్టం చివర ఒక్క బొట్టు ఊరి, అక్కడే వేలాడింది. తర్వాత ఇంజిన్ ఆయిల్ చూసే పుల్ల లాగి వాసన చూశాడు. నా ముక్కు దగ్గరా పెట్టాడు. ఆయిల్‌లో పెట్రోలు వాసన.

"పంపు లోపల రబ్బరు పొర చినిగింది అల్లుడా. పెట్రోలు ఇంజిన్లకు దిగుతున్నది," అన్నాడు, దగ్గరివాళ్ల చావు కబురు చెప్తున్నట్టు.

"అయితే ఏం జేద్దాం?" అన్నది అత్తయ్య.

ఆయన డిక్కీ తెరిచాడు. స్టెప్నీ టైరు కింద నుంచి గుడ్డమూట తీసి విప్పాడు. కొత్త పంపు. దాని గాజు గిన్నె మీద వేలిముద్ర కూడా లేదు. బెజవాడలో ఎప్పుడో కొన్నాడట.

"ఇన్నొద్దులు ఎందుకు బిగియ్యలే?"

"కొత్తది గదా. పాతది నడుస్తనే ఉండె."

"నేను కొత్త చీర బీరువాల పెడితే, ఎవలకు దాస్తున్నవని నన్ను తిడతవు!"

మామయ్య తల ఎత్తకుండా పానా పట్టుకున్నాడు. రెండు బోల్టులూ ఊడి పాత పంపు చేతిలోకి వచ్చింది. ఇంతలో మంచులోంచి లారీ ఒకటి వచ్చి ఆగింది. వెదురు దించి ఖాళీగా పోతున్నది. డ్రైవర్ కిందికి వంగాడు.

"పెద్దాయనా, తాడున్నది. గుంజుకపోవాల్నా?"

మామయ్య అతణ్ని చూడలేదు, అత్తయ్యను చూశాడు. ఇంజిన్ పక్కన పంపు ఉండాల్సిన చోట నల్లటి కంత. ఆమె ఊ అంటే చాలు. ఆమె కాసేపు తాడు వైపు చూసింది.

"వద్దు బిడ్డా, పని నడుస్తున్నది. నువ్వు పో."

"మల్ల బండి ఎప్పుడొస్తదో తెల్వదమ్మా."

"రాకపోతే రాకపాయె."

లారీ మంచులో కలిసిపోయింది. దాని చప్పుడు చాలాసేపు మిగిలింది.

అక్కడ అతుక్కున్న పాత గాస్కెట్ అట్ట ముక్కలు గీకి, కొత్త పంపుకు నాలుకలా ఉండే కడ్డీని ఇంజిన్ లోపలికి దూర్చాం. మొదట కుదరలేదు, వెనక్కి తన్నింది. నేను రెండు చేతులా అదిమి పట్టుకుంటే ఆయన బోల్టులు బిగించి, గొట్టాలు తగిలించాడు. తర్వాత పంపు కింద ఉండే చిన్న మీటను అత్తయ్యకు చూపించి, "గిట్ల ఒత్తు," అన్నాడు.

ఆమె బొటనవేలితో ఒత్తింది. టక్. టక్. ఖాళీ గాజు గిన్నె అడుగున లేత నారింజ రంగు పెట్రోలు మెదిలింది. తెల్లటి ఆ లోకంలో అదొక్కటే రంగు. అది కొద్దికొద్దిగా పైకి ఎక్కుతుంటే ముగ్గురం వంగి చూస్తున్నాం. ఆకుల మీద చుక్కలు పడుతూనే ఉన్నాయి. గిన్నె నిండి, కార్బురేటర్‌కూ పెట్రోలు చేరాక మీట వదులైంది. ఈసారి సెల్ఫ్ కొడితే ఇంజిన్ అందుకుంది.

ఆయిల్ పల్చబడింది కాబట్టి పాల్వంచలో మార్పించేదాకా నడక వేగంతోనే వచ్చాం. చెట్లు ఒక్కొక్కటే మంచులోంచి వచ్చి, పలకరించి, వెనక్కి పోతున్నట్టనిపించింది. అత్తయ్య నిద్రపోయిందనుకున్నాను.

తల్లాడ దగ్గరికి వచ్చాక మామయ్య ఎప్పటిలాగే, బజారు జనం కంట పడకుండా, చేన్ల పక్క అడ్డదారిలోకి తిప్పబోయాడు. వెనక నుంచి గొంతు వినిపించింది.

"బజార్ల నుంచి పోనియ్. జర మెల్లగ పోనియ్."