జయరాముడి ఇంట్లో చిక్కిన మౌజర్ గడియ

గుండ్లవంక ఊరి గంగాధరప్ప కష్టపడి సాధించిన మొదటి ఘనకార్యం తుప్పుపట్టి బిగుసుకుపోయిన మౌజర్ తుపాకి గడియను తెరవడం. అదే ఊళ్లో సర్పంచులైనవాళ్లున్నారు, మూడో బోరులో నీళ్లు పడినవాళ్లున్నారు, కళ్యాణదుర్గంలో మిద్దెలు కట్టినవాళ్లున్నారు. వాళ్లవీ గొప్పలే, కాదనలేం. కానీ తుప్పుతో కుస్తీ పట్టి గెలిచినవాడు ఆ చుట్టుపక్కల ఈయన ఒక్కడే.

అది నాటు తుపాకి కాదు, వెనకటి కాలపు వేట రైఫిల్. దాని వీపు మీద తలుపు గడియ లాంటి ఇనుప బోల్టు ఉంటుంది. పిడి ఎత్తి వెనక్కి లాగితే కాలిన తూటా బయటపడుతుంది. ముందుకు తోసి కిందికి వంచితే కొత్త తూటా లోపల కూర్చుంటుంది. ఊరంతా దాన్ని గడియ అనే అంటారు. గంగాధరప్ప తండ్రి వేటకు పోయిన రోజుల్లో అది పనిచేసింది. వేట మీద నిషేధం వచ్చాక ఆయన దాన్ని గోనెసంచిలో చుట్టి గాదెలో దాచాడు. ఆయన పోయి, లైసెన్సు కొడుకు పేరుకు మారి, సంచి విప్పి చూసేసరికి గడియ కదిలితే ఒట్టు.

గంగాధరప్ప మొదట శెనక్కాయ నూనె పోశాడు. అనంతపురం జిల్లాలో పుట్టినవాడికి తోచే నూనె అదే కదా. అది ఎండి బంకలా పట్టుకుంది, పైగా చీమలు బారులు తీరాయి.

"ఏమప్పా, ఇంక పోపు పెట్టేదే తక్కువ. ఆవాలు తెద్దునా?" అని అడిగింది భార్య బయమ్మ.

తర్వాత ఆమె స్టవ్వుకని దాచుకున్న రేషన్ కిరసనాయిలు మాయం కావడం మొదలైంది. రోజూ చుక్కచుక్కగా పోయడం, గుడ్డతో తుడవడం, చెవి ఆనించి వినడం. ఒక పొద్దున పెరట్లోంచి గావుకేక వినిపిస్తే, పాము కరిచిందేమోనని బయమ్మ కట్టె పట్టుకుని పరుగెత్తింది. చూస్తే మొగుడు తుపాకిని ఒళ్లో పెట్టుకుని నవ్వుతున్నాడు. గడియ 'టక్' మని తెరుచుకుంది. ఆ రోజు ఆయన వీధంతా చక్కెర పంచాడు. కూతురికి కాన్పయిందా అని అడిగిన వాళ్లకు బయమ్మ ఊరికే తల ఊపింది.

ఆ మౌజర్‌తో ఆయన ఇంతవరకూ ఒక కాకిని కూడా కొట్టలేదు. అదీ ఒక ఘనతే. చేలో అడవిపందులు పడి శెనక్కాయ పెరికేస్తుంటే బయమ్మే పళ్లెం, గరిటె పట్టుకుని మోగిస్తూ గట్ల వెంబడి తిరిగేది.

"తుపాకి ఉన్నోని పెండ్లాన్ని, పళ్లెం వాయించుకుంటా తిరగతాండా. ఒక్కసారి పేల్చరాదా?"

"పేలిస్తే గొట్టంలో మసి పడతాది. మళ్లా ఎవరు తుడిచేది?"

ఒక మనిషికి మూడు తుపాకులకు మించి చట్టం ఒప్పదు. గంగాధరప్పకు ఉన్నవి రెండే: మౌజరూ, ఒక చిన్న బీఎస్‌ఏ రైఫిలూ. ఆ మూడో చోటు మీద ఆశ పెట్టుకుని, ఎవరింట పాత రైఫిల్ ఉందంటే అక్కడికి పోయి చూసి వచ్చేవాడు. సొంతం చేసుకోలేని వాటిని కళ్లలోనే పోగేసుకున్నాడు. తనకల్లులో బంధువుల పెళ్లికి పోతే, ఆ ఇంటి గోడకు పాత మ్యాన్లికర్ రైఫిల్ వేలాడుతూ కనిపించింది. తలంబ్రాల వేళకు ఈయన పందిట్లో లేడు. కడుపునొప్పితో పడుకున్నాడని బయమ్మే బొంకి పరువు కాపాడింది.

ఇక జయరాముడి సంగతి. అతనిది అదే ఊరు, రెండో వీధి. ఇద్దరి తండ్రులూ ఒకప్పుడు ప్రాణస్నేహితులు. మద్రాసుకు కలిసిపోయి ఒకే అంగట్లో, ఒకే రోజు రెండు మౌజర్లు కొన్నారు. కవల పిల్లల్లాంటివి. ఒకదాని నంబరు చివర ఎనిమిది, రెండోదాని చివర తొమ్మిది. ఎనిమిది గంగాధరప్పది. ఆ తర్వాత పంచాయతీ ఎన్నికలు వచ్చాయి, స్నేహం పోయింది, తుపాకులు మిగిలాయి. కొడుకులకు మాటల్లేవు. పైగా ప్రతి దీపావళి రాత్రీ జయరాముడు తన మిద్దె మీద నుంచి ఒక్క తూటా పేల్చేవాడు. ఆ మోత విని అవతలి పార్టీవాళ్లు ఏడాదంతా ఒళ్లు దగ్గర పెట్టుకునేవాళ్లు.

ఈ ఏడాది, తొంభై తొమ్మిదిలో, ఎన్నికలు వచ్చినప్పుడు, అలవాటు ప్రకారం లైసెన్సు తుపాకులన్నీ పోలీసు స్టేషన్‌లో అప్పగించమన్నారు. గంగాధరప్ప మౌజర్‌ను అక్కడ వదిలి వచ్చిన రోజు అన్నం సగంలో లేచాడు. తర్వాత ప్రతి సంత రోజునా నూనె సీసా, మెత్తని గుడ్డ పట్టుకుని స్టేషన్‌కు పోయేవాడు. అక్కడి హెడ్ కానిస్టేబులు యేసన్న మంచివాడు కాబట్టి నవ్వి లోపలికి రానిచ్చేవాడు.

"అన్నా, లాకప్పులో ఉన్నోళ్ల పెండ్లాలు గూడా ఇన్ని మార్లు రారు."

ఫలితాలు వచ్చాయి, దసరా కూడా వచ్చింది. పండగ అయినాక తుపాకులు ఇస్తామన్నారు. ఆయుధపూజ నాడు స్టేషన్‌లో అన్నిటినీ వరసగా నిలబెట్టి, పసుపునీళ్లు చిలకరించి, కుంకుమ అద్ది, నిమ్మకాయలు కోసి పిండారు. భక్తికి లోటు లేదు. గంగాధరప్ప మాత్రం నల్లని గొట్టాల మీద కారుతున్న ఆ తడిని చూసి, బూడిదగుమ్మడికాయ తన గుండె మీదే పగలగొట్టినట్టు విలవిల్లాడాడు. మర్నాడు పొద్దున్నే పోయి, గోనెపట్ట పరిచి, అన్నిటి గడియలూ ఊడదీసి తుడవడానికి కూర్చున్నాడు. కళ్లజోడు ఇంట్లోనే ఉంది. అది పెట్టుకుంటే ముసలివాడిలా కనిపిస్తానని ఆయన బెంగ.

"నంబర్లు చూసి పెట్టన్నా," అన్నాడు యేసన్న.

"ఏమప్పా, తల్లికి బిడ్డను నంబరు చూసి గుర్తుపట్టమంటావా?"

ఆ తల్లి మధ్యాహ్నానికి తన బిడ్డను చంకనేసుకుని ఇంటికి వచ్చింది. అరుగు మీద కూర్చుని గడియ వేసింది. 'టక్' మనలేదు. 'టొక్' మంది. మళ్లీ వేసింది. మళ్లీ 'టొక్'.

బయమ్మ చూస్తూ ఉంది. ముందు పెట్టిన బొరుగుల ఉగ్గాని చల్లారిపోతున్నా ఆయన ముట్టలేదు. ఆమె లోపలికి పోయి కళ్లజోడు తెచ్చి ఆయన ముక్కు మీద పెట్టింది. తుపాకి మీద ఎనిమిది. గడియ మీద తొమ్మిది.

"అయ్యో, నా గడియ జయరాముని ఇంటికి పోయింది!"

"పోతే ఏమాయ? రెండూ ఒకటే కదా."

"ఒకటే యాడుండాది? దేని గడియ దానికే అమరాల. సందు ఉంటే మందు వెనక్కి కొడతాది. దీపావళికి ఆయప్ప పేలిస్తే కన్ను పోతాది. నేను కావాలనే మార్చినానంటారు. ఊర్లో ఎవురు నమ్ముతారు? ఇంగ నా గడియ కూడా పాడైపోతాది."

"నీకు ఆయప్ప కన్ను ముఖ్యమా, నీ గడియ ముఖ్యమా?"

గంగాధరప్ప ఆలోచించాడు. మరీ ఎక్కువసేపే ఆలోచించాడు.

స్టేషన్‌లో చెబితే? యేసన్న ఆ మాట వింటూనే చేతులు జోడించాడు. "కాగితం మీదికి ఎక్కితే రెండు తుపాకులూ మళ్లా లోపలికి వస్తాయన్నా. పోయి అడిగి మార్చుకో." అడగడమంటే జయరాముడి గుమ్మం తొక్కడం. తండ్రి పోయినప్పుడు కూడా గంగాధరప్ప ఆ వీధి తొక్కకుండా చుట్టు తిరిగి శవాన్ని మోసుకుపోయాడు. దీపావళి దగ్గరపడే కొద్దీ ఆయన రోజూ వీధి మలుపు దాకా పోవడం, అక్కడ గేదెలను చూసి వెనక్కి రావడం చేశాడు.

చివరికి ఉపాయం చెప్పింది బయమ్మే. ఆ సీమలో ఒక కట్టుబాటుంది. మొగవాడు ఒక్కడే వస్తే దేనికొచ్చాడోనని చూస్తారు. పెండ్లాన్ని వెంటబెట్టుకుని, పళ్లెంలో కుంకుమ పట్టుకుని వచ్చినవాడి మీద ఎవరూ కొడవలి ఎత్తరు. ఆమె పళ్లెంలో టెంకాయ, వక్కాకు, కుంకుమ భరిణె సర్దింది. వాటి కింద కొత్త రవికె గుడ్డలో చుట్టి తొమ్మిదో నంబరు గడియను పెట్టింది.

"ఇది పందులకు వాయించే పళ్లెమే కదా?" అన్నాడు గంగాధరప్ప నీరసంగా.

"అవును. దీంతో ఇంతవరకు ఓడిపోలేదు. నడువు."

వాళ్లు రెండో వీధిలోకి తిరగగానే చుట్ట తాగుతున్నవాళ్లు చుట్టలు ఆర్పారు. జయరాముడి అరుగు మీద కూర్చున్న ఇద్దరు మనుషులు లేచి నిలబడ్డారు. జయరాముడు లేవలేదు, తువ్వాలు మాత్రం సర్దుకున్నాడు.

"ఏమి గంగాధరప్పా, దావ తప్పినావా?"

గంగాధరప్ప బయమ్మ వెనక్కి జరిగాడు. బయమ్మే అందుకుంది. "మా ఆయప్ప నీ సొత్తు మా ఇంటికి తెచ్చినాడన్నా. మా సొత్తు నీ ఇంట్లో ఉండాది. మార్చుకునేకి వచ్చినాం." రవికె గుడ్డ విప్పింది. ఇనుము చూడగానే అరుగు మీది ఇద్దరూ రెండడుగులు వెనక్కి వేశారు.

గంగాధరప్పకు అప్పుడు నోరు వచ్చింది. నంబర్లు, పసుపునీళ్లు, కళ్లజోడు, సందు, మందు, కన్ను, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పి, "దీపావళికి మాత్రం పేల్చొద్దప్పా, నీకు దండం పెడతా" అన్నాడు.

జయరాముడు తన మనుషులిద్దరినీ మజ్జిగ తెమ్మని లోపలికి పంపాడు. ఇద్దరు ఎందుకో వాళ్లకూ అర్థం కాలేదు. వాళ్లు పోయాక గొంతు తగ్గించాడు.

"పేల్చేది తుపాకి కాదులేప్పా."

"మరి ఊరంతా వింటాది కదా?"

"బోర్లించిన ఇనుప డ్రమ్ములో లక్ష్మీబాంబు. ఆ తుపాకిని పేల్చేది నాకు యాడ వస్తాది? తూటాలు మా నాయన కాలంలోవి, చెమ్మపట్టి పోయినాయి."

బయమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా నవ్వు ఆగలేదు. "మాది పళ్లెం, మీది డ్రమ్ము! ఇన్నేండ్లు ఊర్ని కాపాడింది మన పాత్ర సామానేనన్నా!"

జయరాముడు కూడా నవ్వేశాడు. లోపలికి పోయి తన మౌజర్ తెచ్చి చూపించాడు. అక్కడ కథ అడ్డం తిరిగింది. గొట్టం నిండా తుప్పు. కర్ర పిడి నడుమ చీలి ఉంటే, దానికి పాత సైకిల్ ట్యూబు చుట్టి ఉంది. దాన్ని చూసి గంగాధరప్ప ఎక్కడున్నాడో మరిచిపోయాడు.

"నువ్వు మనిషివేనా? వాల్‌నట్ కర్రకు ట్యూబు చుడతావా? మీ నాయన దీన్ని మద్రాసు నుంచి రైల్లో ఒళ్లో పెట్టుకోని తెచ్చినాడు! బర్రెగొడ్డును గూడా ఇట్ల చూసుకోరు!"

మజ్జిగ చెంబులతో వచ్చిన ఇద్దరూ గుమ్మంలోనే ఆగిపోయారు. జయరాముణ్ణి అతని అరుగు మీదే అంతమాట అన్నవాడు ఆ ఊళ్లో లేడు. బయమ్మ పళ్లెం గట్టిగా పట్టుకుంది.

జయరాముడు పిడికి చుట్టిన ట్యూబును వేలితో తడిమాడు. "ఒళ్లో పెట్టుకోని తెచ్చినాడా? నాకు ఎవురూ చెప్పలేదే." తర్వాత గంగాధరప్ప గడియను తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. "ఇది నా దగ్గరే ఉంటాది. నా తుపాకి నీ దాని మాదిరి తళతళలాడిన నాడు, నీది నీకు ఇస్తా."

గంగాధరప్ప తొమ్మిదో నంబరు గడియను పళ్లెంలోంచి తీసి తన జేబులో వేసుకున్నాడు. "సరే. అంతవరకు నీది నా దగ్గర."

తుప్పు వదిలించడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్యే. కానీ చీలిన పిడి ఆయన చేతిలో పని కాదు. దానికి హైదరాబాదులో లైసెన్సున్న అంగడికే పోవాలి. గడియ సరిగ్గా అమరిందో లేదో కూడా అక్కడే చూపించుకోవాలి. ఎవరి లైసెన్సు తుపాకి వాళ్లే తీసుకుపోవాలి కాబట్టి ఇద్దరూ పోవాల్సిందే.

దీపావళి రాత్రి జయరాముడి మిద్దె మీద నుంచి ఎప్పటిలాగే పెద్ద మోత వినిపించింది. పక్కింటివాళ్లు, "విన్యావా గంగాధరప్పా, నువ్వు తెలిసినోనివి, ఏం తుపాకి అది?" అని అడిగారు. ఆయన గంభీరంగా తల పంకించి, "అసలైన మౌజర్" అన్నాడు. స్నేహం ఆ మాటతోనే మొదలైందని బయమ్మ అంటుంది.

ఆ తర్వాత వారంలో రెండు దుప్పట్లలో చుట్టిన రెండు తుపాకులతో, ఒకరి గడియ మరొకరి జేబులో పెట్టుకుని, ఇద్దరూ ఒకే సీట్లో కూర్చుని హైదరాబాదు బస్సెక్కారు. సాగనంపడానికి వచ్చిన రెండు పార్టీలవాళ్లు ఏ వైపు నిలబడాలో తెలియక బస్సు వెనకాల గుంపుగా నిలబడ్డారు.

నిన్న ఎస్టీడీ బూత్ నుంచి కబురొస్తే బయమ్మ పోయి ఫోనెత్తింది.

"బయమ్మా, మాట్లాడొద్దు. విను," అన్నాడు గంగాధరప్ప అంగడి ఫోన్‌లోంచి. కాసేపు గరగర. తర్వాత దూరం నుంచి, స్పష్టంగా, 'టక్'.

ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అంతలోనే తన మీద తనకే కోపం వచ్చింది. "ఇనుప ముక్క శబ్దం వినేదానికి నన్ను ఇంత దూరం నడిపించినావా?"

ఫోన్ జయరాముడు లాక్కున్నాడు. "చెల్లెమ్మా, ఈయప్పతో పడలేకపోతాండా. చార్మినార్ చూద్దామంటే పాత తుపాకులుండే ఇండ్లే చూపిస్తాండాడు. ఈడొక మ్యాన్లికర్ ఉండాది, ఏం కర్ర చెల్లెమ్మా అది, తేనె రంగు! ఆయప్పకు మూడో చోటు ఖాళీ ఉందంట కదా?"

"మూడోది తెస్తే ఆ మూడు తుపాకులతో ఆయప్ప మీ ఇంట్లోనే పండుకోవాల అని చెప్పన్నా. ఎప్పుడొస్తారు?"

పిడికి పూసిన నూనె ఆరాలట. అది ఆరకముందే కదిలిస్తే ఊరుకోనని గంగాధరప్ప వెనక నుంచి అరుస్తున్నాడు. ఆరిన రాత్రే బస్సెక్కి, పౌర్ణమి పొద్దున్నకు ఊళ్లో దిగుతారట. బయమ్మ ఇంటికి వచ్చి, పందుల పళ్లెం తోమి, కుంకుమ భరిణె అందులో పెట్టి, క్యాలెండర్‌లో కార్తీక పౌర్ణమి చుట్టూ బొగ్గుతో సున్నా చుట్టింది: నవంబరు ఇరవై మూడు, మంగళవారం.