ఖైరున్నీసా ఆపా కళ్ళు నేనెలా పోగొట్టానంటే

చక్కగా చూపున్న మనిషిని ఒక్క మధ్యాహ్నంలో గుడ్డిదాన్ని చేసిన ఘనత నాది. మందు పెట్టి కాదు, సూది గుచ్చి కాదు, ఫోను పెట్టి.

కంగారు పడకండి. ఆ కళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. నేనిది చెబుతుంటే పక్కనే కూర్చుని నన్నే గుచ్చి గుచ్చి చూస్తున్నాయి. నాకు చదువు సంతకం దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది కాబట్టి నేను నోటితో చెబుతున్నాను, రాసేవాళ్ళు రాస్తున్నారు. నా గొంతు సంగతి కూడా ముందే చెప్పాలి. బొగ్గుల పొగకు కాలీ కాలీ, రేకు మీద ఇసుక పోసి రుద్దినట్టు ఉంటుంది. ఈ కథలో సగం పాపం ఆ గొంతుదే.

మాది పాతబస్తీ. లక్క గాజుల పని. మా ఆయన చనిపోయిన ఏడాది నా చేతిలో ఏ పనీ లేదు, కంటిలో మాత్రం బోలెడు నీళ్ళున్నాయి. పక్కింటి ఖైరున్నీసా ఆపా (ఆపా అంటే అక్క) వచ్చి, "ఏడ్సుడు పొద్దుగూకినంక ఏడ్వొచ్చు, పొద్దుగాల వచ్చి నా కాడ కూసో" అంది. తన ముందుగదిలో నాకొక పీట వేసింది. కుంపటి మీద లక్క ఎలా మెత్తబరచాలో, చల్లారేలోపు రాళ్ళు వంకర పోకుండా ఎలా అద్దాలో నేర్పింది. మొదటి నెలలో నేను కాల్చుకున్న వేళ్ళన్నీ వేరువేరు వేళ్ళయితే నాకు ముప్ఫై ఉండాలి.

ఆపా పనితనం చూడాలి మీరు. రాళ్ళు అద్దేటప్పుడు గాజు వైపు చూడనే చూడదు. గల్లీలో ఎవరు పోతున్నారో చూస్తుంది, టీవీ చూస్తుంది, నా తప్పులు చూస్తుంది. వేళ్ళు మాత్రం వాటి దారిన అవి గిన్నెలో రాయిని ఏరుకుని, గాజు మీద జాగా తడుముకుని, టకటకా అద్దేస్తుంటాయి. ఆ వేళ్ళకే వేరే కళ్ళున్నాయేమో అనుకునేదాన్ని.

నాలుగేళ్ళ కిందట సంతోష్‌నగర్ నుంచి ఒక మేడమ్ వచ్చి, గల్లీ ఆడవాళ్ళకు ఫోనుతో చిన్న సినిమాలు తీయడం నేర్పింది. "మీ గల్లీ కథ మీరే చెప్పండి. రెండు నిమిషాలు చాలు. ఆదివారం ఫంక్షన్ హాల్లో పెద్ద తెర మీద వేద్దాం" అంది. ఒక్కటే నియమం పెట్టింది: ఎవరిని తీస్తే వాళ్ళకు ముందు చూపించాలి, వాళ్ళు సరేనంటేనే తెర మీదికి. ఆ నియమం చెప్పే సమయానికి సమోసాల పళ్ళెం నా వరకూ వచ్చింది. ఒక చెవిలో నియమం, రెండు చేతుల్లో సమోసాలు. ఏది లోపలికి పోయిందో మీకు వేరే చెప్పాలా?

నేను ఆపా కథ తీస్తానన్నాను.

"తియ్. కానీ చేతులు తియ్, పని తియ్" అంది ఆపా.

తీసి చూసుకున్నాను. ట్యూబ్‌లైటు వెలుగులో ఒక ఆడమనిషి నవ్వుతూ గాజులు చేస్తోంది. వెనక కొత్త ఫ్రిజ్, దాని మీద ప్లాస్టిక్ పూలు. నాకు నచ్చలేదు. ఇందులో గుండె పిండేది ఏముంది? తెర మీద వేస్తే జనం ముక్కు చీదాలి కదా! అప్పటి యాదమ్మకు, అంటే నాకు, కథంటే కన్నీళ్ళు, బొమ్మంటే మెరుపులు. మూడో సంగతి ఒకటుందని తెలీదు.

మర్నాడు పనిలోకి దిగాను. లైటు ఆర్పాను. కిటికీ రెక్క ఒకటే తెరిచి ఎండను ఒక గీతలా గదిలోకి రానిచ్చాను. ఫ్రిజ్ మీద పాత దుప్పటి కప్పాను.

"దానికి సలి పెడ్తుందా ఏందే?" అంది ఆపా.

"ఊకో ఆపా. సీన్ కోసం."

కుంపట్లో గుప్పెడు సాంబ్రాణి వేశాను. ఎండ గీతలో పొగ మెలికలు తిరుగుతుంటే, అబ్బ, స్వర్గం మా గల్లీలో దిగినట్టుంది. ఇంకో గుప్పెడు వేశాను.

"అరె అల్లా! దోమలు పోతయనుకుంటే నేను పోయేటట్టున్న!" అని ఆపా దగ్గు. కళ్ళు ఎర్రబడి బొటబొటా నీళ్ళు. ఆ నీటిబొట్టు చెంప మీంచి జారుతుంటే గాజు రాళ్ళ కంటే ఎక్కువ మెరిసింది. ఆమె చూడకుండా వేళ్ళతో గిన్నె తడుముతోంది. నా ఒళ్ళు జల్లుమంది. కథ దొరికింది!

కథకు నా గొంతు జోడించాను. "ఈమె పేరు ఖైరున్నీసా. మెరిసే రాళ్ళను సూసి సూసి ఈమె కండ్లు కరిగిపోయినయి. లోకమంత చీకటి. ఇప్పుడు తడుముకుంట రాళ్ళు అద్దుతది. మీ చేతి గాజుల మెరుపు, ఈమె కండ్ల మెరుపే." మొదటిసారి చెప్పినప్పుడు నాకే ఏడుపొచ్చింది. ఆ రేకు గొంతు వణికేసరికి ఇంకా బ్రహ్మాండంగా కుదిరింది.

"ఆమెకు చూపించారా?" అని మేడమ్ అడిగింది.

"సూపించిన మేడం. ఏడ్సింది."

ఏడ్చిన మాట నిజమే. ముందు ఏడ్చింది, తర్వాత తీశాను, చూపించడం ఒక్కటే చేయలేదు. ఆపా అప్పటికే జల్‌పల్లిలో చెల్లెలి ఇంటికి పోయింది, ఆదివారం దాటాక గానీ రాదు.

ఆదివారం హాలు కిటకిట. నా సినిమా పడేసరికి జనం చూడండి! పూలమ్మే అంజమ్మ కొంగు తడిసింది. ఆటో అన్నలు గొంతు సవరించుకున్నారు. ముందు వరసలో కూర్చున్న గాజుల దుకాణం సేఠ్, మాకు పనిచ్చే మనిషి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నాకు శాలువా కప్పారు. ఆ రోజు ఇంటికి నడిచి పోలేదు నేను, తేలి పోయాను.

మంగళవారం ఆపా జల్‌పల్లి నుంచి బస్సు దిగింది. గల్లీ మలుపులో పండ్ల బండి వాడు పరుగున వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "పైలం అమ్మా, ఈడ మోరీ కాల్వ ఉంది."

"ఉంటే ఉంది. నాకు కనవడ్తలేదా?"

"అట్లనే ధైర్యంగ ఉండాలె అమ్మా" అని అతను కళ్ళు ఒత్తుకున్నాడు. చేతిలో అరటిపండు పెట్టి, "ఇది అరటిపండు" అని చెవిలో అరిచాడు. చూపు పోతే వినికిడి కూడా పోతుందని ఎవరు చెప్పారో ఏమో. అంజమ్మ ఎదురొచ్చి, "నేను అంజమ్మను ఆపా, పచ్చ చీర కట్టుకున్న" అంది.

"సూస్తున్న గదా! పచ్చది గాదు, నీలిది!" అంది ఆపా.

అంజమ్మ బావురుమంది. "పాపం, రంగులు గుడ తప్పు జెప్తుంది!" అసలు ఆ చీర నీలిదే, అంజమ్మకే రంగులు తెలీవు.

ఆపా ఇంటికొచ్చి నన్నడిగింది: "ఈ గల్లీకి ఏం పురుగు కుట్టిందే?" నేను లక్క ముద్ద వైపు చూస్తూ, "ఎండలు ఎక్కువైనయి ఆపా" అన్నాను. మీరు నవ్వుతున్నారు. నేను మాత్రం అప్పటికే మెత్తబడ్డ లక్కనే మళ్ళీ మళ్ళీ కాచాను.

తయారైన గాజులు పట్టుకుని ఇద్దరం సేఠ్ దుకాణానికి పోయాం. పెళ్ళిళ్ళ కాలం ముందుంది. పెళ్ళికూతుళ్ళ జోడాల, అంటే గాజుల సెట్ల, పని ప్రతి ఏడూ ఆపాదే. ఆ పనితోనే ఆమెకు పేరు, ఆ పేరుతోనే మా ముందుగదికి తిండి.

సేఠ్ లేచి నిలబడి, ఒక్కొక్క మాటా విడదీసి గట్టిగా చెప్పాడు. "ఆపా. పెళ్ళి జోడాలు. ఈసారి. వేరేటోళ్ళకు ఇచ్చిన. మీరు ఆరాం జేయుండ్రి."

"ఎందుకు సేఠ్? నా పనిల ఏం ఖరాబు జూసినవ్?"

"పనిల ఏం లేదు. కండ్లు లేని మనిషితోని రాళ్ళ పని జేయిస్తే నాకు పాపం తగుల్తది."

"కండ్లు లేనిదెవరికి?"

"దాసకుండ్రి ఆపా. హాలంత ఏడ్సింది" అని సేఠ్ తన ఫోనులో నా సినిమా పెట్టాడు.

ఆపా రెండు నిమిషాలూ కదలకుండా చూసింది. ఎండ గీత, పొగ, కన్నీళ్ళు, రేకు గొంతు. అయిపోయాక ఫోను సేఠ్‌కు ఇచ్చేసి నా వైపు తిరిగింది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"మంచిగ తీసినవ్ యాదమ్మా. పొగ మస్తుంది, ఎలుగు మస్తుంది. గీ సిన్మాల నేనేడున్న?"

నేను సేఠ్ కాళ్ళ దగ్గర కూలబడ్డాను. "సేఠ్, అంత అబద్ధం! ఆ నీళ్ళు సాంబ్రాణియి! ఆమెకు మోరీల పడ్డ సూది గుడ కనవడ్తది!"

సేఠ్ నా తల మీద చెయ్యి పెట్టాడు. "స్నేహమంటే నీదే. ఆమె కోసం గింత అబద్ధమాడుతున్నవ్."

చూశారా నా గతి? అబద్ధం చెబితే శాలువా కప్పారు, నిజం చెబితే జాలిపడ్డారు.

మర్నాడు పొద్దున నా పీట ఆపా గడప బయట ఉంది. అక్కడే కూర్చున్నాను. ఎండ నెత్తికెక్కింది. లోపలి నుంచి టీవీ చప్పుడు, రాళ్ళ గలగల. నాకు పని నేర్పిన చేతులకు పని లేకుండా చేశాను. ఏడవడానికి కూడా సిగ్గేసింది, ఎందుకంటే ఏడుపు నా సొత్తు కాదని అప్పటికి తెలిసింది.

మధ్యాహ్నం ఆపా గడప మీదికి వచ్చింది. "ఈ ఆదివారం మళ్ళ తెర ఏస్తరట గదా?"

"అవునాపా. కొత్తది తీస్త. లైటేసి తీస్త, పొగ అసలే పెట్ట, అందంగ అసలే తియ్య!"

"అందం వద్దని ఎవరన్నరే? నా అందం నాకుంది, అది తియ్యాలె. నువ్వు నా మీద వేరే అందం కప్పినవ్." గడప మీద కూర్చుని అంది: "ఇంకో సిన్మా తీస్తే గదీ నమ్మరు. కుంపటి మోసుకొని హాలుకు రా. ముందు నువ్వు మాట్లాడ్తవ్, తర్వాత నేను పని జేస్త."

ఆదివారం కుంపటి నెత్తిన పెట్టుకుని, పెళ్ళి ఊరేగింపులో పెట్రోమాక్సు లైటు మోసేదానిలా, హాల్లోకి నడిచాను. మేడమ్‌కు అంతా చెప్పేశాను. ఆమె ముఖం చిన్నబోయింది. "నేనూ ఆమెను కలిసి అడగాల్సింది" అని మైకు నా చేతికిచ్చింది.

"పోయిన వారం మీరు ఏడ్సిన ఏడుపంత నేను దొంగతనంగ తీసుకున్న" అన్నాను. "ఆపాకు కండ్లున్నయి. నీతి లేంది నాకు."

హాల్లో గుసగుసలు. సేఠ్ లేచాడు. "స్నేహం కోసం మళ్ళ..."

ఆపా స్టేజీ మీద కుంపటి ముందు కూర్చుని, దుపట్టా అంచు తీసి తన కళ్ళకు తనే గట్టిగా గంతలు కట్టుకుంది.

"సేఠ్, కండ్లు లేవన్నవ్ గదా? సరే, లేవు. లక్క నీది, రాళ్ళు నీయి. మంచిగ సూడు."

నేను ఫోను ఎత్తి పట్టుకున్నాను. ఈసారి ఆపా అడిగి మరీ తీయించుకుంటోంది. లక్క వెచ్చబడింది. వేళ్ళు గిన్నెలోకి దిగాయి. ఎర్ర రాయి, తెల్ల రాయి, ఎర్ర రాయి. టక్, టక్, టక్. మాట్లాడుతూనే ఉంది: "అంజమ్మా, నీలి చీరనే కట్టినవా?" జనం గొల్లుమన్నారు. సేఠ్ మెల్లగా స్టేజీ ఎక్కి, జేబులోంచి వేరే నాపు రాయి, అంటే వేరే కొలతది, ఒకటి తీసి, చప్పుడు కాకుండా తెల్ల రాళ్ళ గిన్నెలో కలిపాడు. నేను ఫోను ఇంకా పైకెత్తి ఆపా వేళ్ళ వైపే చూశాను.

ఆపా వేళ్ళు గిన్నెలోకి పోయాయి. ఆగాయి. ఒక రాయిని బొటనవేలి మీద దొర్లించాయి. దాన్ని గాలిలోకి విసిరేసింది.

"ఇది మన నాపు గాదు సేఠ్. నీ జేబుల పెట్టుకో."

ఈలలు, చప్పట్లు, బల్లలు గుద్దడాలు! హాలు పైకప్పు రేకులు మోగిపోయాయి. సేఠ్ భూతద్దం పెట్టి గాజును చుట్టూ తిప్పి చూశాడు. ఒక్క వంకర లేదు. చేతులు జోడించాడు. "ఆపా, పెళ్ళి జోడాలన్నీ మీయే. మాఫ్ జేయుండ్రి."

"జోడాలతో పాటు ముందుగదికి పొగ పోయే ఫ్యాను గుడ పెట్టియ్. సిన్మా అబద్ధం గానీ, పొగ నిజమే" అంది ఆపా, గంతలు విప్పుకుంటూ. సేఠ్ అక్కడికక్కడే మాటిచ్చాడు.

మేడమ్ ఉరుకుతూ వచ్చింది. "తీశారా యాదమ్మా? మొత్తం తీశారా?"

"మొత్తం తీసిన! ఒక్క రాయి వదల్లే!"

అప్పటికప్పుడు నా ఫోను తెరకు కలిపింది. లైట్లు ఆర్పారు. తెర నిండా, గోడంత వెడల్పున, రెండు పెద్ద గుహలు కనిపించాయి. అవి నా ముక్కు రంధ్రాలు. ఫోనులో నా వైపు చూసే కెమెరా తెరుచుకుని ఉంది, హడావిడిలో నేను చూసుకోలేదు. ఆపా వేళ్ళు లేవు, గాజు లేదు, సేఠ్ లేడు. నోరు తెరుచుకుని, కళ్ళు ముక్కు ఏకమై, గుక్కపెట్టి ఏడుస్తున్న నేను మాత్రం మొదటి నుంచి చివరి దాకా ఉన్నాను. మధ్యలో ఒకసారి కొంగుతో ముక్కు చీదడం కూడా ఉంది.

హాలు నవ్వులతో పగిలిపోయింది. "ఆపుండ్రి మేడం, తీసెయ్యుండ్రి!" అని నేను ఉరికాను.

ఆపా నా చెయ్యి పట్టి లాగి పక్కన కూర్చోబెట్టుకుంది. "ఉండనీ. ఈ ఏడుపుకు ఎవ్వరు పొగ పెట్టలే. పూరా సూద్దాం."

పూర్తిగా చూశారు. రెండోసారి కూడా వేయించుకుని చూశారు.

అప్పటి నుంచి మా గల్లీలో ఫోను పట్టుకునే ప్రతి ఆడమనిషికీ నేనే పాఠం చెబుతున్నాను, మేడమ్ పక్కన నిలబడి. ఇక కుంపటి సాక్షిగా, లక్క సాక్షిగా, పాతబస్తీ మొత్తం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఊపిరున్నంత కాలం ఏ మనిషి కన్నీళ్ళనూ ఆ మనిషిని అడగకుండా తెర మీదికి ఎక్కించను. ఎక్కించాల్సి వస్తే నావి వాడుకుంటాను. వాటిని ఎలాగూ అందరూ చూసేశారు.