హ్యాండిల్ వెనక గీతలు

తొంభైల్లో ఓసారి గన్నవరం నుంచి బెజవాడ వస్తున్న బస్సులో నా పక్కన ఒక సాయిబు గారు కూర్చున్నారు. ఆయన ఉంగరపు వేలి చుట్టూ తెల్లటి చార ఉంది. ఉంగరం మాత్రం చొక్కా జేబులో ఉందట.

"కార్లకి పాలిష్ పట్టే పనండీ. ఉంగరం ఉంటే రంగు మీద గీతలు పడతాయి," అన్నారు. తర్వాత తనే చెప్పుకొచ్చారు.

"ఓ పెద్దాయనది పాత స్పోర్ట్స్ కారండీ, ఎర్రది. నాలుగు రోజులు రుద్దాను. ఎడమ తలుపు హ్యాండిల్ వెనక సన్నటి గీతలుంటే అవీ పోగొట్టాను. ఆయనొచ్చి కారు వంక చూళ్ళేదండీ. తిన్నగా ఆ హ్యాండిల్ వెనక్కి వేళ్ళు పోనిచ్చి తడుముకున్నారు. 'అవి మా ఆవిడ ఉంగరం గీతలయ్యా' అన్నారు. ఆవిడ పోయి నెల కూడా కాలేదంట."

"మీకెలా తెలుస్తుందండీ?" అన్నాను.

"నా ఉంగరం తీసి జేబులో వేసుకున్నానే గానీ, ఆ గీతలు ఎవరివని అడగలేదండీ."

బెంజ్ సర్కిల్లో దిగిపోయారు.

చాలా ఏళ్ళకు, మా ఆవిడ పోయాక, ఇంటికి రంగులు వేయిస్తూ, బీరువాకూ వేయమన్నాను. బీరువా హ్యాండిల్ పక్కన ఆవిడ గాజుల గీతలు చూసి పెయింటరు ఉప్పుకాగితం తీశాడు. అతనూ అడగలేదు. నేనే లేచి వెళ్ళి బీరువాకు అడ్డంగా నిలబడ్డాను.