మల్లెలతీర్థం మెట్ల మీద మొక్కు

2022, కార్తీక మాసం. గద్వాలలో టూరిస్టు బండి నడపబట్టి అప్పటికి పద్దెనిమిదేళ్లు. నల్లమల దారులు నాకు కొట్టినపిండి. బండెక్కే మనుషుల సంగతి మాత్రం అంత తేలిక కాదని ఆ ట్రిప్పులో తెలిసింది.

ముగ్గురు స్నేహితురాళ్లు రెండు రోజులకు బండి మాట్లాడుకున్నారు. లక్ష్మమ్మ, సుజాత ఇరవై ఏళ్లుగా ఒకే మగ్గం మీద పక్కపక్కన కూర్చుని చీరలు నేసినవాళ్లు. మాణెమ్మ వాళ్లకు నూలు కండెలు చుట్టి ఇస్తుంది. మా పనిలో ట్రిప్ షీట్ అని ఒకటి ఉంటుంది, ఎక్కడ ఆగాలో ఎంతసేపు ఆగాలో రాసుకునే కాగితం. అందులో మొదటి రోజు ఉమామహేశ్వరం గుడి, రాత్రికి మన్ననూరులో గది, మర్నాడు మల్లెలతీర్థం జలపాతం అని రాశాను.

"నన్ను జర పండనియ్యుండ్రి, చాలు," అంది మాణెమ్మ. రెండు రోజుల్లో నాకు సూటిగా అర్థమైన కోరిక అదొక్కటే.

బిజినేపల్లిలో టీకి ఆగాం. లక్ష్మమ్మ నన్ను బండి వెనక్కి పిలిచింది.

"తమ్మీ, రేపు మల్లెలతీర్థం వద్దు. తొవ్వ ఖరాబైందని జెప్పు. గన్ని మెట్లు సుజాత దిగలేదు. మోకాళ్లు పోయినయ్ దానికి, పైకి జెప్పదు. గదిల కాళ్లు జాపుకొని గూసుంటం."

సరే అన్నాను. నా టీ సగం కూడా కాలేదు, సుజాత వచ్చింది.

"అన్నా, ఎట్లన్న జేసి మల్లెలతీర్థం తీస్కపో. అక్కకు ఆడ మొక్కున్నది. నా కోసమని మానుకుంటది, నాకు తెల్వదా? నేను జెప్పిన్నని అనకు."

దానికీ సరే అన్నాను. బుద్ధుండాలి నాకు!

ఉమామహేశ్వరంలోనూ అదే తికమక. ఇంకాసేపు ఉందామని సుజాత, అలసిపోయాను పోదామని లక్ష్మమ్మ. చూస్తే లక్ష్మమ్మకు చెమట కూడా పట్టలేదు, గోడ పట్టుకుని నిలబడింది సుజాత. ఎవరి మాట నమ్మాలో తెలియక రాత్రంతా సరిగా నిద్రపోలేదు.

పొద్దున గది వసారాలో, దారి పాడైందట అని మొదలుపెట్టాను. అటుగా వచ్చిన జీపు డ్రైవర్ నవ్వాడు.

"ఎవరు జెప్పిన్రన్నా? నిన్న పొద్దుమూకిందాంక రెండు ట్రిప్పులు కొట్టిన."

సుజాత నా వైపు తిరిగింది. ఆమె కళ్లలో నీళ్లు.

"నమ్మి చెప్తె గిట్లనా అన్నా?"

సిగ్గేసింది, కోపమూ వచ్చింది. ఇద్దరి గుట్టూ అక్కడే విప్పేశాను. "అక్క వద్దంటది, నువ్వు పోవాలంటవ్. మీ ఇద్దరి నడుమ పరేషానైతున్న నేను!"

సుజాత కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"నా మోకాళ్లకు, నీ మొక్కుకు ఏం సంబంధమక్కా? నువ్వు పోయి తీర్చుకో," అంది సుజాత.

"మొక్కిందే నీ మోకాళ్ల కోసం! నేసుడు ఇడిసి వచ్చే నెల మగ్గం దిగుతనంటివి. దాన్ని తోల్కొస్త, నీ నీళ్లు దాని కాళ్ల మీద పోస్త, తగ్గియ్యి సామీ అని మొక్కిన. నువ్వు లేకుంట ఆ మెట్లు నేనెట్ల దిగుత?"

నా తల తిరిగిపోయింది. మోకాళ్లు బాగవ్వాలని మొక్కు, ఆ మోకాళ్లు బాగుంటే గానీ తీరని మొక్కు! లోపల మంచం మీది నుంచి, కళ్లు తెరవకుండానే మాణెమ్మ అంది.

"నీళ్లే పైకి తేరాదే? దేవుని మోకాళ్లు మంచిగనే ఉన్నయ్ గద, ఆయననే రానియ్యి!"

ముగ్గురూ పడీపడీ నవ్వారు. బండి తీశాను.

మెట్ల పైన చెట్టు నీడన సుజాతను కూర్చోబెట్టి నేనూ లక్ష్మమ్మా దిగాం. ఆమె జలపాతం కింద తడిసి, లింగానికి దండం పెట్టుకుని, బాటిల్ నింపుకుంది. ఎక్కి వస్తుంటే సుజాత ఎదురైంది, పైనుంచి పదకొండో మెట్టు మీద! కూర్చునే, ఒక్కో మెట్టూ జరుగుతూ దిగిందట.

"నువ్వొక్కదానివే దిగుతుంటె నేను పైన గూసుంటనా?"

"నీ పాడుగాను! పడితె ఎట్లనే?" అని తిడుతూనే లక్ష్మమ్మ ఆ నీళ్లు ఆమె మోకాళ్ల మీద పోసింది. పోస్తూ ఏడ్చింది. మేమిద్దరం చెరో రెక్క పట్టుకుని ఆమెను పైకి తెచ్చాం. బండి వెనక సీట్లో మాణెమ్మ గురక పెడుతోంది.

ఆ తర్వాత ఎవరైనా టీ కొట్టు దగ్గర చాటుకు పిలిస్తే నేను పోవడం లేదు. "అందరి ముందట చెప్పమ్మా," అంటాను. మొహమాటంతో సరే అన్న మాట ఎంత పని చేస్తుందో చూశాను కదా.

మొన్న సుజాత ఫోన్ చేసింది. మోకాళ్లు ఎలా ఉన్నాయని అడిగాను.

"గట్లనే ఉన్నయన్నా. మగ్గం దిగిన. అక్క పక్కకే గూసొని కండెలు చుడుతున్న."

మరి ఆ మొక్కు తీరినట్టా, తీరనట్టా? నాకిప్పటికీ అర్థం కాలేదు.

"ఉన్నవా అన్నా? కార్తీకంల బండి తీస్కరా. ఈసారి ఇరవై మెట్లు దిగుత," అంది.