స్వరాల సందులు

ఎల్లారెడ్డి భజన మండలిలో హార్మోనియం వాయించే బాలనర్సయ్య, పొద్దున్నే దేవుడికి దండం పెట్టకముందే ఫోనులో ఎవరో విదేశీ స్వరకర్త సంగీతం పెట్టుకుని తల ఊపేవాడు. ఆ సంగీతానికి తాళం దొరకదు కాబట్టి తల ఎక్కడ ఊపినా చెల్లేది. మన స్వరాల సందుల్లో ఇంకెన్నో స్వరాలున్నాయనీ, అవి వినే చెవులు ఊళ్లో తనకొక్కడికే ఉన్నాయనీ అతని నమ్మకం. ఆ సందుల కోసం మండలి హార్మోనియం విప్పి, లోపల స్వరాలు పలికే ఇత్తడి రీడ్లను ఆకురాయితో గీకాడు. ఏకాదశి పొద్దున అది మోగగానే, పాట ఎత్తుకున్న లింగవ్వ ఆగిపోయింది.

"ఏంది నర్సయ్యా, పెట్టెకు పడిశం పట్టిందా?"

"ఇది పెద్ద సంగీతం అవ్వా, నీ చెవులకు అందదు."

"గట్లనా. మరి మాపటి భజనకు దేంతోటి పాడాలె?"

లింగవ్వ తన చాయ్ కూడా అతనికే ఇచ్చింది.

మధ్యాహ్నం బాలనర్సయ్య, చర్చిలో హార్మోనియం వాయించే యోబు గడపలో నిలబడ్డాడు.

"తమ్మీ, మాపటికి మీ పెట్టె ఇయ్యరాదు? అది మీ చర్చిదని మాత్రం లింగవ్వకు చెప్పకు."