బ్లీచ్‌లో కరిగిపోయిన మనిషి

నేను తిరుపతిలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. దయ్యాలున్నాయని ఎవరైనా అంటే ఊరుకోను, వాదనకు దిగుతాను. ఇది రాస్తున్నప్పుడు కూడా నా అభిప్రాయం మారలేదు.

మురళి నా స్నేహితుడు. పెళ్లిళ్లకు ఫోటోలు తీసేవాడు. సొంత సరదాకు మాత్రం పాత కెమెరాలో నలుపు తెలుపు స్లైడ్ ఫిల్ము వేసుకునేవాడు. పోయిన ఎండాకాలం కూతురు అమ్ములుతో అలిపిరి మెట్లెక్కుతూ ఒక రోలు ఫోటోలు తీశాడు. మరుసటి రోజు గూడూరు దారిలో లారీ గుద్ది ఇద్దరూ పోయారు. కెమెరా ఇంట్లో ఉండిపోయింది.

కొన్ని నెలలకు అతని భార్య సుజాత ఆ రోలు తెచ్చి నా చేతిలో పెట్టింది. "బిడ్డ నవ్వు ఒక్కసారి సూడాలన్నా" అంది.

ఈ ఫిల్మును కడిగితే ముందు నెగటివ్ వస్తుంది. ఆ నెగటివ్‌లోని వెండిని బ్లీచ్‌తో కరిగించేసి, మిగిలినదానికి వెలుతురు చూపించి మళ్లీ కడిగితే అసలు బొమ్మ తేలుతుంది. బ్లీచ్ తప్పిందంటే అంతా పోయినట్టే. అందుకే ముందు వేరే ఫిల్ము ముక్కల మీద రెండు రకాలు వేసి చూశాను. ఊదారంగు పర్మాంగనేట్‌లో, మా ఊరి వేడికి, ఫిల్ము మీది పొర మెత్తబడి లేచిపోయింది. నారింజరంగు డైక్రోమేట్‌లో గట్టిగా నిలిచింది. దాన్నే ఎంచుకున్నాను.

ఆ మధ్యాహ్నం మా వంటింట్లో సుజాత నా పక్కనే నిలబడింది. నెగటివ్ తేల్చే మొదటి డెవలపర్ మందు అయ్యాక ఫిల్మును కడిగి బల్బు ముందు పట్టాను. మెట్ల మీద అమ్ములు. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఒక మనిషి. వరసగా కొన్ని ఫ్రేముల్లో ఉన్నాడు. నెగటివ్ కాబట్టి మొహాలు నల్లగా ఉన్నాయి.

"ఆ బుజం వంపు సూడన్నా. ఆయనే" అంది సుజాత. "వాళ్లిద్దరే కదా కొండకు పోయింది. మరి ఫోటో ఎవరు తీసినారు?"

దారిలో ఎవరి చేతికో కెమెరా ఇచ్చి ఉంటాడన్నాను.

"ఆ మందు పోస్తే ఈయన పోతాడా?"

"యాడికీ పోడమ్మా. నెగటివ్‌లో ఉండే మనిషి అసలు బొమ్మలో ఉండి తీరాల్సిందే."

"అయితే పొయ్యన్నా."

పోశాను. చివరికి బొమ్మలు తేలాయి. అమ్ములు నవ్వుతోంది. ఒక చెయ్యి పక్కకు చాచి, దేన్నో పట్టుకున్నట్టు వేళ్లు ముడుచుకుని ఉంది. పక్కన ఎవరూ లేరు.

ఆ మనిషి ఉన్నచోట పొర లేచిపోయి ఉంటే మందు తప్పని ఒప్పుకునేవాణ్ణి. పొర చెక్కుచెదరలేదు. అతని కాళ్లున్న చోట, మెట్లకు భక్తులు పెట్టిన పసుపు కుంకుమ చుక్కలు కూడా స్పష్టంగా ఉన్నాయి.

సుజాత స్లైడ్లను ఒక్కొక్కటే బల్బు ముందు పెట్టి చూసింది. నేను మాట తప్పినట్టు నిలబడ్డాను.

"బిడ్డ ఒంటిగా లేదు కదన్నా. సాలు" అని స్లైడ్లు తీసుకుని వెళ్లిపోయింది.

తర్వాత ఎన్నోసార్లు ఆలోచించాను. నాకు తెలిసిన కెమిస్ట్రీలో దీనికి జవాబు లేదు. కరిగిన వెండి ఆ ద్రావణంలోకే పోతుంది, ఇంకెక్కడికీ పోదు. ఆకుపచ్చగా మారిన ఆ బ్లీచ్ నీళ్లను సీసాలో పోసి అటక మీద పెట్టాను. విషం కాబట్టి కాలువలో పొయ్యకూడదని ఇంట్లో చెప్పాను. అదీ నిజమే.