రొయ్యల బకెట్లో పసుపు నీళ్లు

వంటింట్లో గుడగుడమని చప్పుడు. గ్యాస్ కట్టేయలేదేమోనని లేచి పరిగెత్తాను. తల్లినయ్యాక ప్రతి చప్పుడూ నాకు ముందు ప్రమాదంలాగే వినిపిస్తుంది. తీరా చూస్తే మా మేనమావయ్య తెచ్చిపెట్టిన ఎర రొయ్యల బకెట్. బ్యాటరీ పంపు నీళ్లలోకి బుడగలు ఊదుతుంటే, గాజు ముక్కల్లాంటి రొయ్యలు మీసాలు ఆడిస్తున్నాయి. రేపు పొద్దున మావయ్య నా కూతుర్ని మొదటిసారి పడవలో చేపలకు తీసుకెళ్తాడు. అది లైఫ్ జాకెట్‌ను కౌగిలించుకుని హాయిగా నిద్రపోయింది. నిద్ర పట్టనిది నాకే. బకెట్ పక్కనే కూర్చుని ఇది రాస్తున్నాను.

మలేషియాలో, మాట చివర ‘లా’ తగిలించి మాట్లాడే ఈ హుటాన్ మెలింటాంగ్‌లోని ఇల్లు అమ్మమ్మా తాతలది. నా కూతురి ఈడులో ఉన్నప్పుడు నేనూ బడి సెలవులకు ఇక్కడికే వచ్చేదాన్ని. తాత పడవలు బాగుచేసేవాడు. సెలవు రోజున తన చిన్న పడవలో ఏటి మొగ దాకా పోయి సియాకప్ చేపకు గాలం వేసేవాడు. ఆంధ్రాలో దాన్ని పండుగప్ప అంటారట. బతికున్న రొయ్య కదిలితే తప్ప ఆ మహాతల్లి నోరు తెరవదు. అందుకని తాత రొయ్యలను చంటిపిల్లల్లా చూసుకునేవాడు. ఏటి నీళ్లే పోయాలి, కుళాయి నీళ్లు తగలకూడదు. ఎండెక్కితే ఐసు ముక్కలు వేసేవాడు కాదు. అవి కరిగితే ఉప్పునీళ్లు చప్పబడిపోతాయని, గడ్డకట్టించిన నీళ్ల సీసాను మూత బిగించి బకెట్లో వదిలేవాడు. చచ్చిన రొయ్యను వెంటనే తీసి పారేసేవాడు. దోమల నూనె రాసుకున్న చేత్తో బకెట్ ముట్టుకుంటే మాత్రం కేకలే.

ఓసారి సెలవుల్లో నన్నూ తీసుకెళ్తానన్నాడు. అమ్మమ్మకు ఏరంటే భయం. వద్దని నోరు తెరిచి అనలేదు గాని, వారమంతా గిన్నెలు ఠంగుమని చప్పుడయ్యేలా పెట్టింది. తీరా బయల్దేరే రోజు పొద్దున్నే చెంబుతో పసుపు నీళ్లు తెచ్చింది. కొత్త పనికి ముందు గంగమ్మ తల్లిని తలుచుకుని పసుపు నీళ్లు చల్లడం మా ఇంట్లో ఆనవాయితీ. నా నెత్తిన చల్లింది, పడవ ముక్కు మీద చల్లింది, మిగిలిన చెంబెడూ రొయ్యల బకెట్లో కుమ్మరించింది. కాసేపటికి రొయ్యలన్నీ పొట్టలు పైకి పెట్టి తేలాయి.

“ఏటే ఇది! నా రొయ్యలికి పసుపు నీల్లోసినావా?”

“పిల్లకి సల్లినాను, పడవకి సల్లినాను. ఆటికి మాత్రం పానం నేదేటి?”

“ఉండేది లా! ఇప్పుడు నేదు.”

ఎర లేదు, పడవ కదల్లేదు. నేను అరుగు మీద పడి ఏడ్చాను. అమ్మమ్మ ఆ రోజు చాలా ప్రశాంతంగా నాకిష్టమైన చేగోడీలు వండింది. తాత ఆ చేగోడీలు నములుతూ ఆమె వంక చాలాసేపు చూశాడు. తర్వాతి వారం ఇంకో లైఫ్ జాకెట్ తెచ్చి ఆమె ఒళ్లో పడేశాడు.

“పిల్లెక్కితే నువ్వూ ఎక్కాల. నువ్వు రాపోతే పడవ కదల్దు.”

“నానా? ఏట్లోకా? నీకు మతుండే మాటాడతన్నావా?”

తిట్టుకుంటూనే, ఇంట్లో లుంగీలా చుట్టుకునే సరుంగు మార్చి చీర కట్టుకుంది. గంగమ్మ దగ్గరికి సరుంగులో ఎలా వెళ్తాం! చీర మీద నారింజ రంగు లైఫ్ జాకెట్, బుగ్గన తాంబూలం. పడవలో ఎవరూ లేచి నిలబడకూడదని తాత చెప్పిన మాట ఆమెకు ఎంత నచ్చిందంటే, గాలం విసరడానికి తాత లేచినప్పుడల్లా పంచె పట్టుకుని లాగి కూర్చోబెట్టింది. బకెట్‌ను ఒళ్లో పెట్టుకుని కొంగుతో నీడ పట్టింది. ఒక్క రొయ్య చావలేదు. చివరికి నా గాలానికి సియాకప్ పడితే, కూర్చున్న చోటి నుంచే నా నడుం పట్టుకుని వెనక్కి లాగుతూ “ఒగ్గకే బుల్లీ, ఒగ్గక!” అని ఏరంతా వినపడేలా అరిచింది. పడమట మబ్బు నల్లబడగానే తాత లంగరు ఎత్తబోతే, “ఇంకొక్కటి పట్టనీవయ్యా” అన్నదీ ఆవిడే. తాత ఆగలేదు. ఇల్లు చేరాక వాన దంచికొట్టింది. మేం వేడివేడి పులుసు తిన్నాం.

ఆ పసుపు నీళ్లు భక్తితో పోసిందా, కావాలనే పోసిందా అని ఎవరూ అడగలేదు. ఇందాక బకెట్ మీద వంగినప్పుడు, పక్కనున్న కుళాయి వైపు నా చూపు పోయింది, ఒక్క చెంబు చాలనిపించింది. అప్పుడు అర్థమైంది, అడగక్కర్లేదని.

నవ్వొచ్చింది. మావయ్య గది బయట నిలబడి, ఇంకో లైఫ్ జాకెట్ ఉందా అని అడిగాను.

“నీకని కొత్తది కొనీసినాను లేవే,” అన్నాడు లోపలి నుంచి. “ఈ ఇంట్లో పిల్లెక్కితే ఎనకాల ఆడమనిసి ఎక్కకుండా ఎప్పుడైనా ఉందేటి? పడుకో లా.”

అమ్మమ్మ నడుం పట్టుకుంటే కితకితలు పుట్టి నవ్విన పిల్లగా నిన్న గాక మొన్నే ఉన్నట్టుంది. రేపు ఆ పట్టుకునే చేతులు నావి.